వేపకొమ్మ ఆకు రాలేదాకా

మా మెస్సుకి వచ్చేవాళ్ళలో సగం మంది చేపల పులుసు కోసం వస్తారు, మిగతా సగం నా కబుర్ల కోసం వస్తారు. మా తాత తుమ్మితే కానాగంతల గుంపు దిక్కు మార్చుకునేదనీ, మా అవ్వ ఎండబెట్టిన నెత్తళ్ళ వాసనకి మైపాడు పోవలసిన బస్సు దానంతటదే మా పాళెం దారి పట్టేదనీ, ఒకసారి సొరచేప ఒకటి తోకమీద నిలబడి తాతకి దండం పెట్టిందనీ నేను చెబుతుంటే, నెల్లూరు ఆఫీసుల వాళ్ళు ముల్లు తీసుకోవడం కూడా మరిచిపోయి వింటారు. నమ్మరు. నమ్మాలని నేనూ పట్టుబట్టను. పులుసులో చింతపండు ఎంతో మాటల్లో అబద్ధం అంత ఉండాలన్నది నా లెక్క. ఊళ్ళో నా పేరు కోతల రమణమ్మ. అట్లాంటి నా దగ్గరికి ఆమధ్య మా కోటేశు వచ్చి, చెయ్యి కూడా కడగకుండా బల్ల ముందు కూర్చుని, "అక్కా, ఈ ఒక్కసారికి నిజం చెప్పాల" అన్నాడు. అప్పుడు మొదలైన తలతిరుగుడు ఇంతవరకూ తగ్గలేదు.

కోటేశు మా చిన్నాన్న కొడుకు. మా మెస్సుకి చేప తెచ్చిచ్చేది వాడే. వాడిది అలివి వల. పడవ మీద వలని సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రాకారంలో వేసి వస్తే, ఒడ్డున రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని లాగుతారు. ఇప్పుడు మా తీరాన ఆ వల లాగేవాళ్ళు బాగా తగ్గిపోయారు. దానికి ఎక్కడపడితే అక్కడ కుదరదు. అడుగున రాయీ మొద్దూ లేని చోటు కావాలి, తాడు లాగడానికి పొడుగాటి ఇసుక కావాలి. కోటేశుకి అట్లాంటి ఇసుక ఒక్కటే ఉంది, మా పాత ఇంటికి ఉత్తరంగా.

"ఉప్పేరు కాడ సముద్రంలో కొంత మేర గవర్నమెంటోళ్ళు కట్టేస్తారంట అక్కా. మడ అడివీ, చేపపిల్లా, తాబేళ్ళూ అన్నీ కలిపి కాపాడతారంట. ఆ గీత లోపల వల ఎయ్యకూడదు. ఆఫీసరు సారు మంచోడే. మీ పెద్దోళ్ళు పాతకాలంలో కట్టు పెట్టిన చోటు ఏదో చూపించండి, దాన్నే తీసుకుంటాం, కొత్తగా మీ నెత్తిన ఏం రుద్దం అంటుండాడు."

"మంచి మాటే గదరా."

"మంచిదే. ఆ చోటు యాడో చెప్పేవోళ్ళు యాడుండారు? మా నాయన పోయె, పెదనాయన పోయె. తాత కట్టు కట్టింది చూసినోళ్ళల్లో మిగిలింది నువ్వూ, అంకమ్మత్తా. అత్తకి చూపానదు. నీకేమో…" అని ఆగాడు.

"నాకేమో నోరాగదు. అంతేగదా?"

వాడు నవ్వలేదు. "ఉత్తరానంటే నా ఇసక పోతాది. దక్షిణానంటే దిగువ పాళెమోళ్ళ రేవు పోతాది. నువ్వు ఏది చెప్తే అదే మాట. నిజం చెప్పక్కా" అన్నాడు. తలుపుదాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, "నిజం దక్షిణాన ఉంటే బాగుంటాది" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను.

మా తాత మా పాళేనికి పెద్దకాపు. కాపులంటే సముద్రంలో వేటకి పోయే మా పట్టపోళ్ళలో కుల పెద్దలు. వాళ్ళు ఒక మాట గట్టిగా అనుకుని ఊరంతా డప్పు వేయిస్తే అది దురాయి. దురాయి దాటినవాడికి ఊళ్ళో నిప్పు కూడా పుట్టదు. ఏటా వానలు వెనకబట్టి, ఉప్పేరు ఇసుకదిబ్బని తెంచుకుని సముద్రంలో కలిశాక, తాత ఒక దురాయి వేసేవాడు. ఏరు కలిసే ఆ చోటుని మేము మొగ అంటాం. మొగ దగ్గర ఒక కొయ్య పాతి, దాని కొసన పచ్చి వేపకొమ్మ కట్టేవారు. ఆ కొమ్మకున్న ఆకు రాలేదాకా ఆ చుట్టుపక్కల ఎవరూ వల తడపకూడదు. అదే కట్టు. ఎన్ని రోజులని ఎవరూ అడిగేవారు కాదు. ఆకే చెప్పాలి.

ఊరికి ఆ కట్టు మొగ దగ్గర మాత్రమే. మా ఇంటికి మాత్రం అది వంటింట్లో కూడా ఉండేది. కట్టు కట్టిన కాపు ఇంట్లో ఆకు రాలేదాకా చేప వండకూడదు. ఎక్కడి చేపైనా సరే, ఎండుచేపైనా సరే. మిగతా ఏడాదంతా మా ఇల్లు చేపవాసనతోనే నిద్రలేచేది. అవ్వ పొయ్యి మీంచి కుండ దించకముందే పక్కింటి పిల్లులు మా గడప మీద వరసగా కూర్చునేవి, బడిలో పిల్లల్లాగా. కట్టు పడ్డ మర్నాడు అవి వచ్చి, గడప వాసన చూసి, మొహాలు ముడుచుకుని వెళ్ళిపోయేవి. ఆ తర్వాత అంతా పప్పుచారే. అవ్వ పెద్ద సత్తు గిన్నెలో అన్నం కలిపి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చేతిలో ముద్దలు పెట్టేది. ఆ ముద్దలు చేదుగా ఉండేవి. కాకరకాయంత కాదు, నాలుక వెనకాల ఎక్కడో మొదలై గొంతుదాకా జారే చేదు. "అవ్వా, చేదు" అని నేను ఏడిస్తే, "చేపలేని అన్నం చేదుగాక తీపుంటాదా మే? మింగు" అనేది. నిజమే కాబోలనుకున్నాను. చేప లేకపోతే అన్నం చేదవుతుందని నెల్లూరు వచ్చి కాపురం పెట్టేదాకా నమ్మాను.

చేపకి మొహం వాచినదాన్ని కాబట్టి రోజూ పొద్దున్నే కొయ్య దగ్గరికి పోయి ఆకులు చూసి రావడం నా ఉద్యోగం. తాత ముందు నడిచేవాడు, చుట్ట పొగ వెనక్కి వచ్చి నా మొహానికి కొట్టేది. ఆయన కొమ్మ దగ్గర నిలబడి, ఒక ఆకుని రెండు వేళ్ళతో నలిపి చూసి, ఇంటి వైపోసారి తిరిగి, "తల్లి ఇంకా వద్దంటుండాది" అనేవాడు. కొమ్మ మాత్రం పచ్చగా ఉండేది. మా దొడ్లో వేపచెట్టు నుంచి నేనే ఆటలకి విరిచిన రెమ్మలు ఆ ఎండకి, ఆ ఉప్పుగాలికి ఇట్టే వడలి కరకరలాడేవి. కొయ్య మీది కొమ్మ మాత్రం పెళ్ళికూతురిలా నిగనిగలాడేది. గంగమ్మ మహిమ అని ఊరంతా దండం పెట్టేది. నేనూ పెట్టాను, కానీ లోపల తిట్టుకుంటూ పెట్టాను. ఈ కథని మెస్సులో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొమ్మకి కొంత చిగురు చేర్చాను. ఆఖరికి దానికి పూత వచ్చి, కాయ కాసి, ఆ కాయలు తిన్న కాకి తమిళం మాట్లాడిందన్నంత వరకూ పోయింది.

దొడ్లో ఆ చెట్టు సముద్రం వైపు కింద కొమ్మలు లేకుండా బోడిగా ఉండేది. మేకల పని అనేది అవ్వ. అవ్వకి ఇంకో అలవాటు ఉండేది. అందరికంటే ముందు లేచి ఏట్లోకి మోకాలి లోతు దిగి, చీర కొంగు నీళ్ళలో ముంచి ఎత్తి, అందులోకి తేరిపార చూసి, మళ్ళీ వదిలేసేది. కొంగు జాడించుకుంటోంది అనుకునేదాన్ని. మా ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనులకి పేర్లు ఉండేవి కావు, అడిగే అలవాటూ ఉండేది కాదు.

ఇవన్నీ ఇంత బాగా గుర్తున్నాయి కదా, ఆ కొయ్య ఉత్తరాన ఉండేదా దక్షిణాన ఉండేదా అంటే మాత్రం బుర్ర బెండకాయ పులుసైపోయింది. కోటేశు వెళ్ళాక కూర్చుని ఆలోచించాను. పొద్దున పోయేటప్పుడు ఎండ నా కుడిచెంప మీద పడేది. అంటే సముద్రం కుడివైపు, ఉత్తరంగా నడుస్తున్నట్టు. ఖాయం! అయ్యో కోటేశూ అనుకున్నాను. అంతలో ఎడమచెంప కూడా చురుక్కుమన్నట్టు గుర్తొచ్చింది. సరే, అది తిరిగొచ్చేటప్పుడేమో. కానీ తిరిగొచ్చేటప్పుడు తాత నా వెనక ఉండేవాడు, పొగ మొహానికి తగలదు. ఎడమచెంప మీద ఎండా, మొహాన పొగా రెండూ ఒకేసారి గుర్తున్నాయి. అంటే దక్షిణంగా పోతున్నట్టు. గిన్నెలు తోముతున్న మా పనామె, "ఏందమ్మా, చెంపలు పట్టుకుని గుండ్రంగా తిరగతా ఉండావు, పంటి నొప్పా?" అంది.

ఆఫీసరు వచ్చే రోజుకి నేనూ పోయాను. తుఫాను షెల్టరు ముందు షామియానా వేశారు. మా వాళ్ళు ఒక పక్క, దిగువ పాళెం వాళ్ళు ఒక పక్క. ఆఫీసరు కుర్రవాడు, నల్లగా, సన్నగా, ఎండకి మొహం మాడిపోయి ఉన్నాడు. చేతిలో ఫోనుంది, అందులో మా తీరమంతా అరచేతంత ఉంది. ఆ పక్కన అంకమ్మత్తని కుర్చీలో కూర్చోబెట్టారు. మా నాయనకి అక్క. చూపు మందగించింది కానీ నడక మందగించలేదు. పాత ఇంట్లోనే ఉంటుంది, కోటేశు ఇంటి కూడు తింటుంది.

"రమణమ్మగారూ, మీరు మీ తాతగారి వెంట రోజూ వెళ్ళేవారట. ఆ కొయ్య ఉన్న చోటు చూపిస్తారా?" అన్నాడు ఆఫీసరు.

లేచి నిలబడి చూశాను. గుర్తు పట్టడానికి ఏముంది? తాత గుర్తు పెట్టుకున్న తాటిచెట్ల వరస లేదు. అక్కడ రొయ్యల గుంటలు. సవిటి నేలంతా సర్వి తోట. దక్షిణంగా చూస్తే దూరంగా ముత్తుకూరు వైపు పొగగొట్టాలు. సముద్రమొక్కటే పాతది, అది సాక్ష్యం చెప్పదు.

"సారూ, నాకు రెండు రకాలుగా గుర్తుంది" అన్నాను.

దిగువ పాళెం కాపు ఏడుకొండలు పకాలున నవ్వాడు. "రెండేందక్కా, నీకు పది రకాలుగా గుర్తుంటాది! సొరచేప చేత దండం పెట్టించినదానివి గదా నువ్వు!"

"సొరచేప సంగతి వేరు ఏడుకొండలూ. ఇది నిజంగా రెండు రకాలుగా ఉంది."

"అంటే సొరచేప అబద్ధమా?" అన్నాడెవడో వెనక నుంచి, దిగులుగా.

ఆఫీసరు అత్త వైపు తిరిగాడు. "అమ్మా, మీరైనా చెప్పండి. కొయ్య ఎక్కడ పాతేవారు?"

అత్త మొహం గాలి వైపు తిప్పింది. "ఈ యేడు మొగ యాడ తెరుచుకునింది?"

"అది కాదమ్మా, అప్పట్లో…"

"అప్పట్లోనూ అదే. మొగ యాడుంటే ఆడ."

"మొగ మారుతుంటుందా?"

"మారక? దానికేమన్నా పట్టా ఇచ్చినారా? ఒక యేడు ఉత్తరాన తెగతాది, ఒక యేడు దక్షిణాన తెగతాది. ఒక యేడు తెగనే తెగదు. ఆ యేడు కూడా మా నాయన కొయ్య పాతినాడు." ఆగి, "ఎందుకు పాతినాడో నాకూ తెలవదు" అంది.

నాకు రెండు చెంపలూ ఒక్కసారిగా చల్లబడ్డాయి. కుడి నిజం, ఎడమా నిజం. "అదే సారూ! అందుకే నాకు రెండు రకాలుగా గుర్తుంది. కొయ్యే నడిచింది!" అని అరిచాను. నా జన్మలో అంత పచ్చి నిజం, చింతపండు చుక్క కూడా కలపకుండా, ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్కడూ నమ్మలేదు. "చూసినావా సారూ, తమ్ముడి ఇసక కాపాడుకునేదానికి కొయ్యకి కాళ్ళు మొలిపించింది" అన్నాడు ఏడుకొండలు. మా వాళ్ళయితే సంబరంగా చూశారు నన్ను. కోటేశు నా చెవి దగ్గరికి వంగి, "బలే అల్లినావక్కా. అత్తకి ఎప్పుడు నేర్పించినావు?" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఆఫీసరు తల పట్టుకున్నాడు. "మరి హద్దు ఎంత మేరమ్మా?"

"కొయ్య కాడ నిలబడి అరిస్తే యినబడినంత" అంది అత్త.

"ఎవరు అరిస్తే?"

"మా నాయన అరిస్తే."

"ఆయన లేరు కదమ్మా."

"అదే గదా నాయనా చిక్కు."

అందరూ నవ్వారు, ఆఫీసరు కూడా నవ్వాడు. నవ్వి, చాలాసేపు ఫోన్లో మొగ వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఆయన గీయవలసిన గీత కదలని గీత. నడిచే గీత గీయమని పైవాళ్ళని అడగగలడు, వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకోకపోతే మొగ ఎక్కడెక్కడ తెగిందో ఆ బారంతా కలిపి మూసేయడమే దారి. కోటేశు ఇసుకా, దిగువ పాళెం రేవూ, రెండూ పోతాయి. "ఈ ఒక్క కాలం మీ పద్ధతిలో మీరే కట్టు పెట్టి చూపించండి. ఎవరూ దాటకుండా ఆకు రాలేదాకా నిలబడితే, అడగడానికి నాకొక మాట ఉంటుంది" అన్నాడు.

అప్పుడు అందరం మొగ వైపు చూశాం. ఈ ఏడు అది సరిగ్గా కోటేశు ఇసుక ముందే తెగి ఉంది.

వాడి మొహం చూడలేకపోయాను. ఉత్తరమన్నా దక్షిణమన్నా వాడికి సగం ఆశ ఉండేది. నా నిజంతో, అత్త నిజంతో కట్టు తిన్నగా వచ్చి వాడి వల మీద కూర్చుంది. ఏడుకొండలు మీసం కింద నవ్వుకుంటూ, "కాపు మనవడు. కొయ్య పాతేదానికి ఇంకెవురు తగతారు?" అన్నాడు. కోటేశు పాత ఇంటి దొడ్లోకి పోయి కొమ్మ విరుచుకొచ్చి, వాడి చేతులతో వాడే పాతాడు. ఎవరో డబ్బా మీద డప్పు వాయించారు. పిల్లలు ఫోన్లలో వీడియోలు తీశారు.

ఆ తర్వాత సంగతి ఇట్లా ఉంది. కోటేశు ఇప్పుడు వాళ్ళ పడవలో వీళ్ళ పడవలో కూలికి పోతున్నాడు. అలివి వల చుట్టచుట్టి పందిట్లో పడి ఉంది. జట్టువాళ్ళు గొణుగుతున్నారు. ఇంకెంత కాలం అని రోజూ అడుగుతున్నారు. వాళ్ళలో ఒక్కడు వెళ్ళి వల తడిపినా రెండు పాళేల పనీ అయిపోయినట్టే. నేను జువ్వలదిన్నె నుంచి వచ్చే చేప కొని మెస్సు నడుపుతున్నాను. కోటేశు ఏ పనిమీద నెల్లూరు వచ్చినా మధ్యాహ్నం నా దగ్గరే తింటాడు. కట్టు కట్టినవాడు కాబట్టి చేప ముట్టడు. చుట్టూ అందరూ వంజరం ముక్కలు చప్పరిస్తుంటే, వాడి కోసం విడిగా కాచిన పప్పుచారు పోసుకుని, పక్క బల్ల వైపు చూడకుండా తల వంచుకుని తింటాడు. తాత కాలంలో ఇంటిల్లిపాదిమీ కలిసి చేసిన పథ్యం అది. ఇప్పుడు చేపల మెస్సులో ఒక్కడే కూర్చుని చేస్తున్నాడు. అప్పుడు దురాయికి ఊరు భయపడేది. ఇప్పుడు ఊరు ఆఫీసరుకి భయపడుతోంది, ఆఫీసరు పైవాళ్ళకి భయపడుతున్నాడు, పైవాళ్ళు ఎవరికి భయపడతారో నాకు తెలియదు. ఏది మేలో అడిగితే మళ్ళీ రెండు చెంపలూ పట్టుకోవలసిందే.

"ఆకులు రాలినాయా రా?" అని అడుగుతాను నేను, చిన్నప్పటి లాగే.

"లేదక్కా. పచ్చగానే ఉండాది."

మొన్న ఆదివారం అత్తని చూడటానికి పోయాను. ఇంకా లేత ఎండే. అత్త గడపలో కూర్చుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఆరబెట్టుకుంటోంది. కొంగు కూడా తడిసి ఉంది. "ఏట్లోకి దిగినావా అత్తా?" అంటే, "కాళ్ళు మంటలు మే" అంది. దొడ్లో వేపచెట్టు అప్పటికంటే లావయింది. సముద్రం వైపు, చెయ్యి అందే ఎత్తులో, కొత్తగా బోడిగా ఉంది. మా పాళెంలో ఇప్పుడు మేకలు పెంచేవాళ్ళు ఎవరూ లేరు.

అత్త తడుముకుంటూ గిన్నె తెచ్చి పప్పు అన్నం కలిపింది. ఆ కూడూ కట్టు కట్టినవాడి ఇంటిదే కదా, చేప లేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేనేదో చిన్నపిల్లనైనట్టు చేతిలో ముద్ద పెట్టింది. ఆ వేళ్ళకి పచ్చి వేపాకు వాసన. నోట్లో వేసుకున్నాను. నాలుక వెనకాల ఎక్కడో మొదలై గొంతుదాకా జారింది.

"అత్తా, చేదుగా ఉంది."

"చేపలేని అన్నం చేదుగాక తీపుంటాదా మే?" అంది అత్త, చూపానని కళ్ళు చికిలించి. "మింగు."

మింగాను. అవ్వ సంగతి అత్తకి ఎప్పటినుంచి తెలుసో, అవ్వ చెప్పిందో, అత్తే చూసి నేర్చుకుందో అడగాలనుకున్నాను. ఆకు నలిపి చూసి ఇంటి వైపు తిరిగి "తల్లి వద్దంటుండాది" అన్న తాతకి తెలుసేమో కూడా అడగాలనుకున్నాను. అత్త ఇంకో ముద్ద పెట్టింది. ఆ ఇంట్లో అలాంటివి అడిగే అలవాటు లేదని చెప్పాను కదా.

నిన్న కోటేశు వచ్చాడు. బాగా నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. ఆఫీసరు వచ్చి ఏట్లో చేపపిల్లని చూసి సంతోషపడి పోయాడట. జట్టువాళ్ళు కూడా మెత్తబడ్డారట, కొమ్మకి దండాలు పెట్టి పోతున్నారట. దిగువ పాళెం ఏడుకొండలైతే కొబ్బరికాయ కొట్టాడట.

"గంగమ్మ మహిమేనంటావా అక్కా? ఇంత ఎండకి ఎట్లా నిలబడతాది ఆ ఆకు? నీకేమన్నా తెలుసా?" అన్నాడు.

చెబితే వీడి వల పందిట్లోంచి బయటికి వస్తుంది. చెప్పకపోతే వీడు ఇంకా ఎన్నాళ్ళు ఇట్లా పరాయి పడవల్లో తిరగాలో తెలియదు. చెబితే గీత వచ్చి రెండు పాళేల మీదా పడుతుందేమో. ఏది చెప్పాలో తేల్చుకోలేక ఆఖరికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "అత్త మారుస్తోందిరా. తెల్లారకముందే లేచి, ఏట్లో కొంగు ముంచి చేపపిల్ల ఎంత ఉందో తడిమి చూసి, చెట్టు నుంచి కొమ్మ విరిచి కడుతోంది. అప్పుడు అవ్వా ఇదే చేసింది."

కోటేశు నా మొహంలోకి చూశాడు. పెదాలు అదిరాయి. మెస్సంతా తిరిగి చూసేట్టు నవ్వాడు. ఇన్నాళ్ళలో వాడు నవ్వడం అదే మొదలు.

"కన్ను కనబడని ముసిల్దాని చేత కొయ్య ఎక్కించినావు గదక్కా! సొరచేప కంటే ఇదే బాగుండాది. ఇంకొంచెం చారు పొయ్యి."

పోశాను.